పాత ఉత్తరాల్లో ‘ఖాలా’ ఎవరు? చుట్టాలను, పొరుగువాళ్ళను గుర్తుపట్టేది ఎలా?

బోరబండ సైట్-3లో మా నానీ ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు సజ్జ మీద ఒక పాత బిస్కెట్ డబ్బా దొరికింది. లోపల నలభైకి పైగా ఉత్తరాలు. జెద్దా నుంచి పెద్ద మామూ ఉర్దూలో రాసినవి కొన్ని. నల్గొండ వైపు ఊరి నుంచి నానా తమ్ముడు తెలుగులో రాయించినవి కొన్ని. వాటిల్లో ఒక ఉత్తరంలోని ఒకే ఒక్క మాట మా అమ్మీకి నిద్ర లేకుండా చేసింది.

“నేను పంపే డ్రాఫ్టులోంచి ముందు నల్లా దగ్గర ఖాలా మూడు వందలు ఇచ్చేయండి, మర్చిపోవద్దు.”

ఇచ్చారా లేదా? రాసిన మామూ లేరు. డబ్బులు చూసుకున్న నానా లేరు. ఎనభై దాటిన నానీకి ఆ మూడు వందల సంగతే గుర్తు లేదు. మనలో చనిపోయిన మనిషి అప్పు ఊరికే పోదు. ఆస్తి పంచుకునే ముందే వారసులు అప్పు తీర్చాలి. అప్పు ఉందని తెలిశాక తెలియనట్టు ఉండటం కుదరదు. కానీ తీర్చాలంటే ఆ ఖాలా ఎవరో ముందు తెలియాలి కదా?

ఇలాంటి డబ్బాలు మన ఇళ్ళల్లో చాలానే ఉంటాయి. వాటిల్లో పేర్ల కన్నా పిలుపులే ఎక్కువ. ఆపా, భాయిజాన్, మున్నీ, మూలింటి చాచీ. వీళ్ళెవరో పట్టుకోవడానికి మాకు పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ వరసగా రాస్తున్నాం.

ముందు ఎవరు, ఎవరికి రాస్తున్నారో తేల్చుకోండి

ఖాలా అనేది పేరు కాదు, వరస. అది ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలిస్తేనే దానికి అర్థం. మామూకి ఖాలా అయితే నానీకి చెల్లెలో అక్కో అవ్వాలి. అదే మామూ తన కొడుక్కి రాస్తూ ఖాలా అంటే, మా ముమానీ చెల్లెలు అవ్వొచ్చు. పిల్లలకు రాసేటప్పుడు మనవాళ్ళు పిల్లల వైపు నుంచే వరస కలుపుతారు. తన భార్యను ‘మీ అమ్మీ’ అంటారు, తన అన్నను ‘మీ బడే అబ్బా’ అంటారు.

ఇందులో మూడో మనిషి కూడా ఉంటాడు. ఉత్తరం చెప్పినవాళ్ళు ఒకరైతే, చేత్తో రాసినవాళ్ళు ఇంకొకరు. చదువు రాని దాదీ చెబుతుంటే వీధిలో స్కూలుకెళ్ళే పిల్లాడు రాసేవాడు. గల్ఫ్‌లో ఒక గదిలో పదిమంది ఉంటే, రాయడం వచ్చిన ఒక్కడే అందరి ఉత్తరాలూ రాసేవాడు. అందుకే పేర్ల స్పెల్లింగు తప్పితే, అది చెప్పినవాళ్ళ తప్పు కాకపోవచ్చు. ఒకే మనిషి పేరుతో ఉన్న ఉత్తరాల్లో చేతిరాత రెండు మూడు రకాలుగా ఉందేమో చూడండి.

కాబట్టి ప్రతి ఉత్తరానికీ ఒక చిన్న చీటీ పెట్టుకోండి. చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, అందుకున్నది ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి. అసలు ఉత్తరం మీద మాత్రం పెన్నుతో ఏమీ రాయకండి. ఫోన్‌లో రెండు వైపులా ఫోటో తీసుకుని, ఆ ఫోటోల మీదే పని చేయండి.

తెలుగు వరస వేరు, ఉర్దూ వరస వేరు

ఉర్దూలో తండ్రి వైపు, తల్లి వైపు విడివిడిగా తెలుస్తాయి. తండ్రి తమ్ముడు చాచా, తల్లి అన్నదమ్ములు మామూ. తండ్రి అక్కచెల్లెళ్ళు ఫుప్పూ, వాళ్ళ భర్త ఫుప్పా. తల్లి అక్కచెల్లెళ్ళు ఖాలా, వాళ్ళ భర్త ఖాలూ.

మనవాళ్ళు తెలుగులో రాసినప్పుడు ఇది మారిపోతుంది. తెలుగు ‘మామ’ అంటే మామూ కావొచ్చు, ఫుప్పా కావొచ్చు, పిల్లనిచ్చిన మామగారూ కావొచ్చు. ‘బాబాయి’ అంటే చాచా కావొచ్చు, చిన్నమ్మ మొగుడు ఖాలూ కూడా కావొచ్చు. నానా తమ్ముడి తెలుగు ఉత్తరాల్లో ‘సూర్యాపేట మామ’ అని మూడుసార్లు ఉంది. మేం ఆయన్ని మేనమామ అనుకుని చాలా రోజులు వెతికాం. తీరా చూస్తే ఫుప్పా.

దగ్గరి సంబంధాలు చేసుకున్న ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంటుంది. ఖాలా కూతుర్ని చేసుకుంటే ఆ ఖాలాయే అత్తగారు అవుతుంది. పెళ్ళికి ముందు ఉత్తరాల్లో ఒక పిలుపు, తర్వాత వాటిల్లో ఇంకో పిలుపు. ఇద్దరు మనుషులనుకుని వంశవృక్షంలో రెండు చోట్ల రాసేస్తాం.

పాత ఉర్దూ ఉత్తరాల్లో మర్యాద కోసం వాడే మాటలు కొన్ని అచ్చం పేర్లలాగే ఉంటాయి. ఖుష్‌దామన్ సాహెబా అని ఉంటే అలాంటి పేరున్న ఆవిడ కోసం వెతకొద్దు, ఖుష్‌దామన్ అంటే అత్తగారు. హమ్‌షీరా అంటే అక్కో చెల్లెలో. బిరాదర్ అంటే అన్నో తమ్ముడో. అహలియా అంటే భార్య. నూరే చష్మ్, బర్ఖుర్దార్ అంటే కొడుకు, లేదా కొడుకు వరసయ్యే చిన్నవాడు. ‘ఘర్ మే సే’ అని రాస్తే అది కూడా ఇంటావిడ గురించే. మర్హూమ్, మర్హూమా అని ఉంటే ఆ ఉత్తరం రాసేనాటికే ఆ మనిషి లేరని. ఒక పేరు పక్కన ఆ మాట మొదటిసారి ఏ ఉత్తరంలో కనిపించిందో రాసుకోండి. చనిపోయిన ఏడాది సుమారుగా దొరుకుతుంది.

సలాం ఎవరికి, దువా ఎవరికి

చాలామంది ఉత్తరం చివర ఉండే సలాముల వరస చదవకుండా వదిలేస్తారు. నిజానికి మనకు ఎక్కువ పనికొచ్చేది అదే.

పెద్దలకు సలాం, చిన్నలకు దువా, పసిపిల్లలకు ప్యార్ అని రాయడం మనవాళ్ళ అలవాటు. తెలుగు ఉత్తరాల్లో అయితే పెద్దలకు నమస్కారాలు, చిన్నలకు దీవెనలు, పిల్లలకు ముద్దులు. అంటే ఎవరికి ఏ మాట రాశారో చూస్తే, వాళ్ళు రాసినవాళ్ళ కన్నా పెద్దా చిన్నా అన్నది తేలిపోతుంది. ‘మున్నీకి సలాం’ అని ఉంటే మున్నీ చిన్నపిల్ల కాదు. ముద్దుపేరు అలాగే మిగిలిపోయిన పెద్దావిడ.

వరస కూడా చూడండి. ముందు ఇంటి పెద్దలు, తర్వాత ఒక్కో ఇంటివాళ్ళు కలిసి వస్తారు. పక్కపక్కనే వచ్చే పేర్లు ఎక్కువగా ఒకే ఇంటివి. అన్ని ఉత్తరాల సలాములను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే కొత్తగా ఎవరు చేరారో, ఎవరు మాయమయ్యారో కనపడుతుంది. మాయమైతే చనిపోయి ఉండొచ్చు, ఊరు మారి ఉండొచ్చు, మాటలు లేకుండా పోయి ఉండొచ్చు. ఏదని తొందరపడి తేల్చేయకండి.

మామూ ఉత్తరాల్లో నానీ సొంత చెల్లెళ్ళిద్దరికీ సలాం ప్రతిసారీ మొదటి వరసలోనే ఉంది, ఖాలూలతో కలిపి. ‘నల్లా దగ్గర ఖాలా’ మాత్రం ఎప్పుడూ చివర్లోనే వచ్చింది, కిరాణా అన్నకు, టైలర్ భాయికి ముందు. ఆమె పక్కన ఖాలూ లేడు. ‘బాబుకి దువా’ అని ఒక్క మాట ఉంది, అంతే. అప్పుడు మాకు అనుమానం మొదలైంది. ఈమె చుట్టం కాదేమో!

చుట్టమా, పొరుగా?

బస్తీల్లో పక్కింటివాళ్ళను వరసతోనే పిలుస్తాం. అమ్మీ ఎవరినైనా అక్కా అంటే పిల్లలకు ఆమె ఖాలా అయిపోతుంది. ఆమె ముస్లిం అవ్వాల్సిన పని కూడా లేదు. అలాగే మన ఇంటి పెద్దావిడను పక్కింటి పిల్లలు పెద్దమ్మా అంటారు.

పొరుగువాళ్ళకు ఉత్తరాల్లో సాధారణంగా చోటుతోనో పనితోనో గుర్తు పెడతారు. మూలింటి, నల్లా దగ్గర, బోరింగు పక్క, మసీదు ముందు, కిరాణా, పాల. చుట్టాలకు ఊరితోనో, వరస నంబరుతోనో, పిల్లల పేరుతోనో పెడతారు. సూర్యాపేట మామ, మంఝ్లీ ఖాలా, ఫలానా వాళ్ళ అమ్మ. ఇది కచ్చితమైన లెక్కేం కాదు. కానీ మొదటి జల్లెడగా బాగా పని చేస్తుంది.

ఇంకోటి, పండగలు. మేం డబ్బు మాట దొరికిన ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నాం. రెండో పేజీలో ఇలా ఉంది: “నల్లా దగ్గర ఖాలా ఈసారి బతుకమ్మ పెద్దగా పేర్చిందా?” ఇక అనుమానం తీరిపోయింది. మేం నానీ చెల్లెళ్ళ పిల్లలను అడిగి వాళ్ళ బుర్రలు తిన్నాం. అసలు మనిషి మా గల్లీలోని హిందూ పొరుగావిడ.

ఉర్దూ చదవడం రానివాళ్ళకు

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగో ఇంగ్లీషో చదివారు. లిపి రాదు. ఎవరితోనో చదివించుకోవాలి. అప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఉర్దూలో చిన్న అచ్చులు మామూలుగా రాయరు. ‘ఇస్’ అన్నా ‘ఉస్’ అన్నా రాత ఒకటే. అంటే ‘ఇతని కొడుకు’, ‘అతని కొడుకు’ అన్నవి రాతలో తేడా లేకుండా ఉంటాయి. ‘ముల్లా’ అని చదివింది నిజానికి ‘మిలా’ కావొచ్చు, అంటే కలిశాడు అని. హే-సీన్-నూన్ అని మూడక్షరాలుంటే హసన్ కావొచ్చు, హుస్న్ కావొచ్చు. ఇక చుక్కలు వదిలేసి గబగబా రాసిన చేతిరాత అయితే చెప్పక్కర్లేదు.

అందుకే ఇద్దరితో విడివిడిగా చదివించండి. మొదటివారు ఏం చదివారో రెండోవారికి ముందే చెప్పకండి. మసీదులో ఇమాం సాహెబ్, రిటైరైన ఉర్దూ టీచర్లు, ఇంట్లో పెద్దవాళ్ళు సాయం చేస్తారు. చదివేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి. అర్థం కాని పేరు వస్తే ఊహించి పూరించకుండా ఖాళీ వదలమనండి.

ఒకే మనిషికి నాలుగు పేర్లు

ఊళ్ళో తెలుగు నోటికి మన పేర్లు మారిపోతాయి. మహబూబ్ మాబు అవుతాడు, హుస్సేన్ ఉసేను, ఖాదర్ కాదరు, ఖాసిం కాశీం అవుతారు. ఫాతిమా పాతిమాబీ అవుతుంది. కాగితాల్లో ముందు షేక్ వస్తే ఎస్.కె. అని, మహమ్మద్ వస్తే ఎం.డి. అని కుదించేస్తారు. ఆడవాళ్ళకు పుట్టింటి కాగితంలో బీ అని, అత్తారింటి కాగితంలో బేగం అని ఉంటుంది. కాబట్టి పేరును అక్షరం అక్షరం వెతకొద్దు. నోటితో పలికి చూడండి. వయసు, తండ్రి పేరు, చోటు, ఈ మూడింట్లో రెండు కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి.

తేదీ లేకపోతే

తేదీ దొరికితే సగం చిక్కు విడిపోతుంది. అప్పటికి ఎవరు పుట్టారు, ఎవరి పెళ్ళైంది అన్నది తెలుస్తుంది.

హిజ్రీ తేదీ ఉంటే ఒక గుర్తు పెట్టుకోండి. హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబరులో. హిజ్రీ ఏడాది మనం వాడే ఇంగ్లీషు ఏడాది కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. అందుకని 1404 ముహర్రం 1983 అక్టోబరులో పడింది. సౌదీకి, మనకు నెలవంకలో ఒకరోజు తేడా రావొచ్చు.

నిజాం కాలం కాగితమైతే ఫస్లీ సంవత్సరం ఉండొచ్చు. ఆజూర్, దయ్, బహ్మన్, తీర్, మెహర్ లాంటి నెలల పేర్లు కనిపిస్తే అది ఫస్లీయే. దానికి 590 కలపండి. 1350 ఫస్లీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. డబ్బు మాటల్లో హాలీ, కల్దార్ అని ఉన్నా పాత హైదరాబాద్ రోజులే. హాలీ నిజాం రూపాయి, కల్దార్ ఇంగ్లీషువాళ్ళ రూపాయి.

పోస్టు ముద్ర చెరిగిపోయినా కవరు కొంత చెబుతుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. నయే పైసే అని ఉంటే 1957-64 మధ్యది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆరోజు.

లోపలి కబుర్లూ తేదీ చెబుతాయి. పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబరు. స్కైలాబ్ పడుతుందన్న భయం అంటే 1979. పట్టపగలు చీకటి పడ్డ సూర్యగ్రహణం అంటే 1980 ఫిబ్రవరి. కువైట్ నుంచి ఖాళీ చేతులతో వచ్చేశారంటే 1990 ఆగస్టు తర్వాత.

మా ఉత్తరంలో తేదీ లేదు. కానీ “దసరా, పీర్ల పండుగ పక్కపక్కనే పడ్డాయని విన్నాను” అని మామూ రాశారు. ఇది గట్టి ఆనవాలు. పీర్ల పండుగ ప్రతి ఏడాదీ ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళకు మళ్ళీ అదే కాలానికి వస్తుంది. రెండూ నెలలో పదో రోజు పండగలే కాబట్టి, కలిసినప్పుడు వరసగా రెండు మూడేళ్ళు ఒకటి రెండు రోజుల తేడాలోనే వస్తాయి. 1950-52లో అలా వచ్చాయి, 1982-84లో వచ్చాయి, మళ్ళీ 2015-17లో వచ్చాయి. అదే ఉత్తరంలో “రెండు రూపాయల కిలో బియ్యం మన కార్డుకు ఇస్తున్నారా” అని కూడా ఉంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయింది 1983 జనవరిలో, ఆ బియ్యం వచ్చింది ఆ తర్వాతే. అంటే మా ఉత్తరం 1983ది, కాకపోతే 1984ది.

ఇంటి నంబరు చెప్పే కథ

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లలో మొదటి రెండు అంకెలు ప్రాంతాన్ని చెబుతాయి. 6-3 అంటే పంజాగుట్ట, సోమాజిగూడ వైపు. 7-1 అంటే అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్. 8-3 అంటే యూసుఫ్‌గూడ, ఎల్లారెడ్డిగూడ వైపు. 8-4 అంటే ఎర్రగడ్డ, బోరబండ వైపు. తర్వాత వచ్చే బై నంబర్లు ఇంకా ముఖ్యం. ఒకే అసలు నంబరు కింద బై 12, బై 14 అని ఉంటే ఆ ఇళ్ళు దగ్గర దగ్గరవి. ఒకే స్థలాన్ని పంచుకున్న అన్నదమ్ములవీ కావొచ్చు. పిన్‌కోడ్‌ను మాత్రం గట్టిగా నమ్మకండి. 500018 సనత్‌నగర్ పోస్టాఫీసుది, 500038 సంజీవరెడ్డి నగర్‌ది, 500045 యూసుఫ్‌గూడది. చుట్టుపక్కల బస్తీలు చాలా వాటి కిందే వస్తాయి.

వేరే కాగితంతో సరిచూడండి

ఉత్తరంలో దొరికిన మనిషిని ఇంకో కాగితంలో చూసేదాకా ఖాయం చేయకండి. అన్నిటికన్నా బాగా పనికొచ్చేది నికాహ్‌నామా. అందులో వధూవరుల తండ్రుల పేర్లు, వకీల్, ఇద్దరు గవాహ్‌లు, మెహర్ అన్నీ ఉంటాయి. గవాహ్‌లు చాలాసార్లు మామూలో, చాచాలో, గల్లీ పెద్దలో అయి ఉంటారు. ఇంట్లో కాగితం పోతే నికాహ్ చదివించిన ఖాజీ దఫ్తర్‌లో అడగండి. నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డు కూడా ఖాజీల రికార్డును బట్టి పెళ్ళి సర్టిఫికెట్ ఇస్తుంది.

ఓటరు జాబితాలో ఇంటి నంబరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో ఉంటాయి. పాత రేషన్ కార్డు, బడి టీసీ, కబ్రస్తాన్‌లో రాతి మీది పేరు కూడా చూడండి. తాతముత్తాతలు నిజాం సర్కారులో నౌకరీ చేసి ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆ కాలం ఉర్దూ, ఫార్సీ రికార్డులు ఉన్నాయి.

పెద్దలను ఎలా అడగాలి

“ఈ ఖాలా ఎవరు?” అని నానీని పదిసార్లు అడిగాం. పదిసార్లూ “ఏమో బేటా” అన్నారు. తర్వాత ప్రశ్న మార్చాం. “అప్పుడు నల్లా ఎక్కడుండేది?” అని అడిగాం. ఆవిడ వేలితో దుప్పటి మీదే గల్లీ గీసి చూపించారు. ఇక్కడ మన గేటు, ఇక్కడ రేకుల ఇల్లు, దాని ముందే నల్లా. “రేకుల ఇంట్లో ఎవరుండేవాళ్ళు?” అంటే వెంటనే వచ్చేసింది. “కూరగాయల గంప అమ్మే అక్క. నీళ్ళ వరసలో నా బిందె ముందు పెట్టేది. ఆమె కొడుకు బస్సు డిపోలో పనికి కుదిరాడు.”

పేరు అడిగితే రాని జ్ఞాపకం చోటు అడిగితే వస్తుంది. గల్లీ బొమ్మ గీయించండి. ఒక్కరోజులో అన్నీ అడగకండి, రోజుకు ఒక ఉత్తరం చాలు. చెప్పలేకపోతే వదిలేయండి, రెండు రోజులకు వాళ్ళే చెబుతారు. ఇంకో మాట. ఇది వాయిదా వేసే పని కాదు. ఉత్తరం ఇంకో ఇరవై ఏళ్ళు డబ్బాలో ఉంటుంది. చెప్పేవాళ్ళు ఉండరు.

కొన్ని సంగతులు జాగ్రత్త

ఉత్తరాల్లో తలాఖ్, గొడవలు, అప్పులు, జబ్బులు అన్నీ ఉంటాయి. పూర్తిగా చదవకుండా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టేయకండి. ఎవరి గురించి ఉందో వాళ్ళకు, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలకు ముందు చెప్పండి.

ఒక విషయం మాత్రం దాచకూడదు. ఎవరైనా పక్కింటావిడ బిడ్డకు పాలిచ్చిందని, దూధ్ భాయి, దూధ్ బహెన్ అని రాసి ఉంటే దాన్ని తప్పక రాసి పెట్టుకోండి. పాల సంబంధం ఉన్నవాళ్ళ మధ్య నికాహ్ కుదరదు. ఆ రెండిళ్ళ మధ్య సంబంధం మాట్లాడుకుంటుంటే ముందు ఆలిమ్‌కు ఉత్తరం చూపించి అడగండి.

మూడు వందలు

నానీ చెప్పిన గుర్తులతో, పక్క బై నంబరుతో ఓటరు జాబితా చూస్తే ఆ కొడుకు దొరికారు. అల్లాపూర్‌లో ఉంటున్నారు, రిటైరయ్యారు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళైంది. అమ్మీ, నేను వెళ్ళాం. ఉత్తరంలోని మాట తెలుగులో చదివి వినిపించాం.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. మామూ జెద్దా పోయేటప్పుడు డబ్బు తక్కువైతే వాళ్ళమ్మ కాళ్ళ కడియాలు కుదువ పెట్టిందట. “తిరిగిచ్చారో లేదో నాకు తెల్వదు. మా అమ్మ ఎన్నడూ అనలే” అన్నారు. అమ్మీ ఎక్కువే తీసుకొచ్చింది. ఆయన మూడు వందలే తీసుకుని మిగతాది చేతిలో పెట్టేశారు.

వచ్చేసేటప్పుడు ఒకటి అడిగారు, ఆ ఉత్తరం జిరాక్సు కావాలని. “మా అమ్మకు సదువు రాదు. ఆమెకెవరూ ఉత్తరం రాయలే. ఆమె గురించి రాసింది ఇదొక్కటే ఉన్నట్టుంది” అన్నారు. ఆయనకు ఉర్దూ రాదు. అయినా ఏ లైనులో ఉందో చూపించమని, దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు.

మీ ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటే ఈ ఆదివారం దించండి. అందులో ఎవరో మీకోసమో, మీ పక్కింటివాళ్ళకోసమో ఒక మాట రాసి పెట్టి ఉండొచ్చు.